మిడిల్ ఆఫ్ టాగిల్ స్విచ్చి: మూడు కాళ్లదా, ఆరు కాళ్లదా, ఏది ఎక్కడ నిలుస్తుంది

లివరు పైకి వేస్తే ఒక లైను, కిందకి వేస్తే ఇంకో లైను, మధ్యలో నిలబెడితే రెండూ ఆఫ్. ఎలక్ట్రికల్ కొట్లో ‘మిడిల్ ఆఫ్’ అనో ‘సెంటర్ ఆఫ్’ అనో అడిగితే ఇచ్చే టాగిల్ స్విచ్చి పనంతా ఇంతే. భీమవరం, ఉండి, ఆకివీడు చెరువు గట్ల మీద నీళ్లలో గాలి కలిపే ఏరేటర్ల పెట్టెల్లోనూ, నరసాపురం, అంతర్వేది వైపు పడవల్లోనూ, దమ్ము చేసే ట్రాక్టర్ల డ్యాష్‌బోర్డుల్లోనూ ఇది కనబడుతూనే ఉంటుంది. పదుల రూపాయల్లో దొరికే వస్తువే గానీ, తప్పు చోట పెడితే మోటారు కాలుతుంది, బ్యాటరీ షార్టవుతుంది, ఒక్కోసారి మనిషికే ముప్పు.

ముందుగా మా అభిప్రాయం. 12 వోల్టుల పనులకీ, కాంటాక్టరు (కాయిల్‌కి కరెంటు ఇస్తే మోటారు లైను కలిపే పెద్ద స్విచ్చి) కాయిల్‌కి ఆజ్ఞ ఇచ్చే పనికీ ఇంత చవకలో ఇంత బాగా పనిచేసే స్విచ్చి ఇంకోటి లేదు. 230 వోల్టుల నీళ్ల మోటారు లాంటివాటిని నేరుగా నడపడానికి మాత్రం వద్దు. కరెంటుకీ జనరేటరుకీ మధ్య ఛేంజోవరుగా అసలే వద్దు. ఎందుకు వద్దంటున్నామో ఒక్కొక్కటిగా చెబుతాం.

కొట్లో ఏది ఇస్తారు

రెండు సైజులు దొరుకుతాయి. చిన్నది ఎం.టి.ఎస్. రకం. ప్యానెల్లో 6 మి.మీ. రంధ్రం చాలు. 103 అంటే మూడు కాళ్లది (కాళ్లంటే వెనక వైర్లు కలిపే బద్దలు), 203 అంటే ఆరు కాళ్లది, రెండూ మిడిల్ ఆఫ్. 102, 202 చూడ్డానికి అచ్చం అవే, కాకపోతే మధ్యలో ఆగవు, అటో ఇటో పడతాయి. 123, 223 అంటే లివరు వదిలేయగానే స్ప్రింగుతో మధ్యలోకి వచ్చేస్తుంది. డబ్బా మీదా కేటలాగులోనూ ‘ఆన్’ అనే మాటకి బ్రాకెట్లు పెట్టి ఉంటే, అటువైపు నొక్కి పట్టుకున్నంతసేపే పనిచేస్తుందని అర్థం. ఒకవైపు నిలిచి, రెండోవైపు స్ప్రింగుతో వెనక్కి వచ్చే రకమూ ఉంది. పడవ పంపుకి అది చాలా పనికొస్తుంది, తర్వాత చెబుతాం.

పెద్దదానికి 12 మి.మీ. రంధ్రం కావాలి. వెనక స్క్రూలు గానీ, 6.3 మి.మీ. లగ్గులు గుచ్చే బద్దలు గానీ ఉంటాయి. ఒంటి మీద 15 ఆంపియర్లు, 250 వోల్టులు అని ఉంటుంది.

ఆంపియర్ల సంఖ్య దగ్గరే చాలామంది మోసపోతారు. చిన్న రకం మీద తరచుగా రెండు లెక్కలుంటాయి: 125 వోల్టులకి 6 ఆంపియర్లు, 250 వోల్టులకి 3 ఆంపియర్లు. కొట్లో చెప్పేది మొదటిదే. మన ఇళ్లల్లో ఉన్నది 230 వోల్టులు, కాబట్టి మనకి వర్తించేది 3 ఆంపియర్లే. పైగా రెండూ ఏసీ లెక్కలు. ఏసీ కరెంటు సెకనుకి వందసార్లు సున్నా మీదుగా దాటుతుంది, కాబట్టి కాంటాక్టులు విడిపోయేటప్పుడు పుట్టిన నిప్పురవ్వ దానంతటదే ఆరిపోతుంది. డీసీలో సున్నా రాదు. 12 వోల్టుల దగ్గర ఇబ్బంది లేదు, ఆ వోల్టేజీ రవ్వను నిలబెట్టలేదు. 48 వోల్టుల బ్యాటరీ సెట్టు దగ్గరికొచ్చేసరికి లెక్క బాగా పడిపోతుంది. సోలార్ ప్యానెళ్లు వరుసగా కలిపి 100 వోల్టులు దాటిన లైనులో ఈ స్విచ్చి పెడితే లోపల రవ్వ ఆగకుండా మండి, ప్లాస్టిక్కు కరిగి, పెట్టె అంటుకుంటుంది. అక్కడ డీసీ ఐసొలేటరే పెట్టాలి.

కొనేటప్పుడు చూడాల్సినవి ఇంకో రెండు. ఒక చిన్న అయస్కాంతం తీసుకెళ్లి కాళ్లకి ఆనించండి. ఇత్తడీ రాగీ అంటుకోవు. అంటుకుందంటే ఇనుము మీద పూత పూసినట్టే, ఉప్పుగాలికి వానాకాలం దాటేలోపు తుప్పు పడుతుంది. రెండోది, లివరును నెమ్మదిగా మధ్యలోకి తెచ్చి వదలండి. టక్కుమని కూర్చోవాలి. కొత్తదే అటూ ఇటూ ఊగుతుంటే తీసుకోవద్దు. లోపల స్ప్రింగు మీద ఒక చిన్న మేకు తూగుడు పలక మీద జారుతుంటుంది, మధ్యలో ఆగడానికి ఆ పలకకి చిన్న గుంట ఉంటుంది. అది అరిగితే ఆఫ్ అనేదే నమ్మకంగా దొరకదు, ట్రాక్టరు కుదుపుకి లైటు దానంతటదే వెలుగుతుంది.

మీటరు పెట్టకుండా ఒక్క వైరూ కలపొద్దు

మూడు కాళ్లదాంట్లో మధ్య కాలు కామన్, అంటే రెండువైపులకీ ఉమ్మడిది. ఇది అందరికీ తెలుసు. తెలియనిదల్లా, లివరు పైకి ఉంటే కలిసేది కింది కాలు. తూగుడు పలక కదా, లివరు ఒకవైపు వాలితే పలక రెండోవైపు ఆనుతుంది. ఎక్కువ రకాలు ఇలాగే ఉంటాయి గానీ, అన్నీ కావు. కాబట్టి మల్టీమీటరును బీప్ మీద పెట్టి, మూడు స్థానాల్లోనూ చూసి, స్విచ్చి ఒంటి మీద మార్కరుతో రాసుకోండి.

ఆరు కాళ్లదాన్ని వెనక నుంచి, లివరు పైకీ కిందకీ కదిలేలా పట్టుకుని చూడండి. ఎడమ వరస పై నుంచి 1, 2, 3. కుడి వరస 4, 5, 6. కామన్లు 2, 5. ఎడమ వరస ఒక స్విచ్చి, కుడి వరస ఇంకో స్విచ్చి, రెండూ ఒకే లివరుకి కట్టి ఉన్నాయి, అంతే. ఈ వరసలను అడ్డంగా అనుకుని ప్లస్సును 2కీ, మైనస్సును 1కీ కలిపితే లివరు వేయగానే బ్యాటరీ షార్టు. ఫ్యూజు లేకపోతే వైరు ఎర్రగా కాలుతుంది.

మధ్య స్థానంలో కూడా మీటరు పెట్టి తీరాలి. ఆరు కాళ్లదాంట్లో మూడు స్థానాలున్నా మధ్యలో ఆఫ్ కానిది ఒకటుంది. దాన్ని ఆన్-ఆన్-ఆన్ అంటారు. మధ్యలో నిలబెడితే ఒక వరస పైకీ, ఇంకో వరస కిందకీ కలిసి ఉంటాయి. రూపంలో తేడా తెలియదు. మిడిల్ ఆఫ్ అనుకుని మోటారును రివర్సు చేసే వైరింగుకి దీన్ని వాడితే, లివరు మధ్యలో పెట్టినా ఆఫ్ అయిందన్న హామీ ఉండదు.

అలాగే వోల్టేజీ డ్రాపు చూడండి. చవక మీటరు వైర్లకే పావు ఓము దాకా చూపిస్తుంది, కాబట్టి ఓముల లెక్కతో స్విచ్చి మంచీ చెడూ తేలదు. స్విచ్చి మీదుగా లోడు నడిపిస్తూ, కలిసి ఉన్న రెండు కాళ్ల మధ్య డీసీ మిల్లీవోల్టులు కొలవండి. 5 ఆంపియర్లు పోతున్నప్పుడు 100 మిల్లీవోల్టుల లోపు ఉంటే బాగున్నట్టు, అంటే 20 మిల్లీఓములు. 300, 400 దాటితే కాంటాక్టు అయిపోవచ్చింది, చేత్తో పట్టుకుంటే వేడీ తెలుస్తుంది.

12 వోల్టుల మోటారు: ముందుకు, ఆపు, వెనక్కి

ఆరు కాళ్ల మిడిల్ ఆఫ్ చేసే పనుల్లో ఇది మేటి. బ్యాటరీ ప్లస్సు 2కి, మైనస్సు 5కి. మోటారు రెండు వైర్లు 1కి, 4కి. తర్వాత రెండు అడ్డ వైర్లు: 1 నుంచి 6కి, 3 నుంచి 4కి. మధ్య కాళ్లు పైకి కలిస్తే 1లో ప్లస్సు, 4లో మైనస్సు. కిందకి కలిస్తే 3 మీదుగా 4లోకి ప్లస్సు, 6 మీదుగా 1లోకి మైనస్సు. మోటారు తిరగబడుతుంది.

సప్లయి 1, 4లకీ, మోటారు 2, 5లకీ ఇచ్చి చేసినా ఇలాగే నడుస్తుంది. చాలా బొమ్మల్లో అలాగే ఉంటుంది. మేం మాత్రం సప్లయిని మధ్యలోనే ఇస్తాం. అప్పుడు ఆఫ్‌లో ఉన్నంతసేపూ అడ్డ వైర్లలో కరెంటు ఉండదు. వానకి తడిసే పెట్టెలో, ఎప్పుడూ లైవుగా ఉండే కాళ్లు నాలుగైతే ఒక లెక్క, రెండైతే ఒక లెక్క.

అడ్డంగా వేయాల్సిన వైర్లను నిలువుగా 1-3, 4-6 వేసేస్తే ప్రమాదమేమీ లేదు, రెండువైపులా ఒకే దిక్కుకి తిరుగుతుంది. అలా జరిగితే మోటారును అనుమానించకుండా వైర్లు చూసుకోండి.

మధ్యలో ఆఫ్ ఉంది కదా అని లివరును ఒక్క ఊపున అటు నుంచి ఇటు వేయకూడదు. మధ్య స్థానం దాటడానికి పట్టేది రెప్పపాటు. ఆ క్షణంలో మోటారు ఇంకా వెనకటి దిక్కులోనే తిరుగుతుంటుంది. తిరిగే మోటారు తనే వోల్టేజీ పుట్టిస్తుంది. దానికి సప్లయి ఎదురుగా కాకుండా తోడుగా కలుస్తుంది, కాబట్టి జామయిన మోటారు లాగే కరెంటుకి దాదాపు రెట్టింపు లాగుతుంది. గేర్ల పళ్లు ఊడేదీ, స్విచ్చి కాంటాక్టులు అతుక్కుపోయేదీ అప్పుడే. మధ్యలో ఆపి, మోటారు నిలిచాక వేయాలి. నడిపేది ఎవరో తెలియనిచోట, స్ప్రింగుతో మధ్యలోకి వచ్చే రకం పెట్టినా సగం రక్షణే. లివరును పైకెత్తితే తప్ప మధ్య నుంచి కదలని లాకింగ్ రకం పెడితే చెయ్యి తప్పనిసరిగా ఆగుతుంది.

రివర్సయ్యే మోటారుకి అడ్డంగా, కరెంటును ఒకే దిక్కుకి పోనిచ్చే మామూలు డయోడు పెట్టొద్దు. ఒక దిక్కులో అది నేరుగా షార్టు. రవ్వ తగ్గాలంటే రెండు దిక్కులా పనిచేసే వేరిస్టరు గానీ, 0.1 మైక్రోఫారడ్ కెపాసిటరు 100 ఓముల రెసిస్టరు వరుసగా కలిపిన స్నబ్బరు గానీ పెట్టాలి. ఒకే దిక్కు ఉండే రిలే కాయిల్‌కి మాత్రం 1ఎన్ 4007 డయోడు సరిగ్గా సరిపోతుంది, గీత ఉన్న వైపు ప్లస్సుకి.

ఏరేటరు పెట్టెలో ఆటో, ఆఫ్, మాన్యువల్

తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. ఆ వేళకి ఏరేటరు తిరక్కపోతే రొయ్య తేలిపోతుంది. అందుకే ఈ మూడు స్థానాల స్విచ్చిని ఇక్కడ తప్పుగా కట్టడం అన్నిటికన్నా ఖరీదైన తప్పు.

వైరింగు ఇలా ఉండాలి. కంట్రోలు ఫేజు ఒక 2 ఆంపియర్ల ఫ్యూజు మీదుగా వచ్చి, ఓవర్‌లోడు రిలేలో (మోటారు ఎక్కువ కరెంటు లాగితే ట్రిప్పయ్యేది) 95, 96 నంబర్ల కాంటాక్టులోంచి వెళ్లి, అప్పుడు స్విచ్చి కామన్‌కి చేరాలి. స్విచ్చి ఒక కాలు టైమరు కాంటాక్టులోంచి కాంటాక్టరు కాయిల్ ఒక చివర ఎ1కి. రెండో కాలు నేరుగా ఎ1కి. కాయిల్ రెండో చివర ఎ2 న్యూట్రల్‌కి. మూడు కాళ్ల స్విచ్చి చాలు.

ఈ వరసలో ఓవర్‌లోడు కాంటాక్టు స్విచ్చికి ముందుండటమే అసలు సంగతి. దాన్ని టైమరు దారిలో పెట్టేసిన పెట్టెలు చాలా కనబడతాయి. ఆటోలో అంతా బాగానే ఉంటుంది. టైమరు చెడిపోయి మాన్యువల్లో నడిపిన రాత్రి ఒక ఫేజు పోతే, ఓవర్‌లోడు రిలే ట్రిప్పయినా కాయిల్ ఆగదు. మోటారు రెండు ఫేజుల మీద మూలిగి కాలిపోతుంది. పెట్టె తెరిచి స్విచ్చిని మాన్యువల్లో పెట్టి, రిలే మీది టెస్టు బొత్తాం నొక్కండి. కాంటాక్టరు పడిపోవాలి. ఆటోలోనూ అదే చూడండి. రెండు నిమిషాల పని.

రెండో సంగతి కాయిల్ వోల్టేజీ. మూడు ఫేజుల స్టార్టర్లలో చాలావాటికి 415 వోల్టుల కాయిల్ ఉంటుంది. కాయిల్ తీసుకునే కరెంటు చిన్నదే, కానీ 250 వోల్టులకి చేసిన టాగిల్ స్విచ్చి కాళ్ల మధ్య 415 వోల్టులు పెట్టడం తప్పు. తడి చేరిన రోజు కాళ్ల మధ్య ప్లాస్టిక్కు మీద నల్లటి దారి పడుతుంది, తర్వాత అదే షార్టు. కాయిల్ మార్చి 230 వోల్టులది వేసుకోండి. అది కుదరకపోతే, 22 మి.మీ. రంధ్రంలో కూర్చునే ప్యానెల్ సెలెక్టరు స్విచ్చి పెట్టండి. చెరువు పెట్టెకి నిజానికి అదే మేలు, కాంటాక్టు బ్లాకు ఒక్కటే విడిగా మార్చుకోవచ్చు.

ఆటోలో ఉంచినప్పుడు పోయిన కరెంటు రాగానే ఏరేటర్లన్నీ దానంతటవే లేస్తాయి. పది మోటార్లు ఒక్కసారే లేస్తే వోల్టేజీ కూలి కాంటాక్టర్లు టకటకా కొట్టుకుంటాయి. ఒక్కో పెట్టెలో ఆన్ డిలే టైమరు పెట్టి, నాలుగైదు సెకన్ల తేడాతో లేచేలా చేయాలి.

మనిషి చెరువులో దిగి తెడ్డుకి చుట్టుకున్న తాడు తీయాలంటే లివరు మధ్యలో పెట్టడం సరిపోదు. ఈ స్విచ్చి ఆపేది కాయిల్‌ని మాత్రమే. కాంటాక్టరు అతుక్కుపోయి ఉంటే మోటారు వైర్లలో కరెంటు ఉంటూనే ఉంటుంది. ఎం.సి.బి. గానీ ఐసొలేటరు గానీ దించి, దాని దగ్గర ఒక మనిషిని నిలబెట్టి దిగాలి.

పడవలో రెండు పనులు

మొదటిది దీపాలు. 12 మీటర్ల లోపు మోటారు పడవ నడిచేటప్పుడు చుట్టూ కనబడే తెల్ల దీపం, పక్కల ఎరుపు, పచ్చ దీపాలు వెలగాలి. లంగరు వేసినప్పుడు తెల్లదొక్కటే. వలలు వేసి వేట సాగేటప్పటి దీపాలు వేరు, వాటి సంగతి ఇక్కడ కాదు. నడక, ఆఫ్, లంగరు అనే మూడు స్థానాలు ఒకే స్విచ్చిలో రావాలంటే ఆరు కాళ్లది తీసుకోండి. 2, 5 రెండిటికీ చిన్న తునక వైరుతో ప్లస్సు ఇవ్వండి. 1, 3 రెండూ కలిపి తెల్ల దీపానికి. 4 ఎరుపు పచ్చలకి. 6 ఖాళీ.

మూడు కాళ్లదాంతో ఇది కుదరదు. తెల్లదాన్ని రెండువైపులా కలిపితే రెండు కాళ్లూ ఒకటైపోయి, లంగరు వేసినా ఎరుపు పచ్చలు వెలుగుతాయి. మధ్యలో డయోడు వేసి తప్పించుకోవచ్చు గానీ, తడి పెట్టెలో చెడిపోయే వస్తువు ఇంకోటి చేర్చడం ఎందుకు? ఆరు కాళ్లదే పెట్టండి.

రెండోది అడుగున చేరిన నీళ్లు తోడే పంపు. ప్లస్సు ఫ్యూజు మీదుగా కామన్‌కి, ఒక కాలు ఫ్లోటు స్విచ్చిలోంచి (నీళ్లు పెరిగితే తేలి కలిసేది) పంపుకి, రెండో కాలు నేరుగా పంపుకి. ఆటో వైపు నిలిచి ఉండి, మాన్యువల్ వైపు స్ప్రింగుతో వెనక్కి వచ్చే రకం ఇక్కడ వాడాలి. లేకపోతే మాన్యువల్లో మరిచిపోయి, నీళ్లయిపోయాక పంపు వట్టిగా తిరిగి సీలు పోతుంది. ఒడ్డున కట్టేసి ఇంటికెళ్లే పడవకైతే ఈ స్విచ్చి ఆఫ్‌లో మిగిలిపోవడమే పెద్ద ప్రమాదం. రాత్రి వానకి నిండి మునుగుతుంది. అలాంటి పడవలో ఫ్లోటుకి విడిగా ఒక ఫ్యూజు పెట్టి బ్యాటరీ నుంచి నేరుగా లైను ఇచ్చేయండి, స్విచ్చి మాన్యువల్‌కి మాత్రం ఉంచండి.

ట్రాక్టరు లైట్ల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. ముందు, ఆఫ్, వెనక. మూడు కాళ్లది చాలు. 18 వాట్ల ఎల్.ఈ.డీ.లు రెండు అయితే 3 ఆంపియర్లు, పెద్ద రకం స్విచ్చి నేరుగా మోస్తుంది. 55 వాట్ల హేలోజన్లు రెండు అయితే 9 ఆంపియర్ల పైమాటే, పైగా చల్లటి తీగ వెలిగే క్షణంలో దానికి చాలా రెట్లు లాగుతుంది. వాటికి 30 ఆంపియర్ల నాలుగు కాళ్ల రిలే ఒక్కోవైపుకి ఒకటి పెట్టి, స్విచ్చితో రిలేలనే నడపండి.

230 వోల్టుల షట్టరు మోటారు

ఒకే రకం చుట్లు రెండు, మధ్యలో కెపాసిటరు ఉండే షట్టరు, గేటు మోటార్లకి మూడు కాళ్ల మిడిల్ ఆఫ్ చాలా అందంగా సరిపోతుంది. న్యూట్రల్ మోటారు కామన్‌కి, ఫేజు స్విచ్చి కామన్‌కి, స్విచ్చి రెండు చివరి కాళ్లు కెపాసిటరు రెండు చివరలకి. పైకి, ఆపు, కిందకి. కాకపోతే ఇక్కడ లెక్క తప్పించే విషయం ఒకటుంది. మోటారు తిరుగుతున్నప్పుడు కలపని కాలు మీద కెపాసిటరు వల్ల 230 కంటే ఎక్కువ వోల్టేజీ ఉంటుంది. కాబట్టి చిన్న రకం వద్దు. మోటారు తక్కువ కరెంటుదైతే పెద్ద రకం, స్ప్రింగుతో తిరిగొచ్చేది. మోటారు ప్లేటు మీది ఆంపియర్లు చూసి, సందేహముంటే రెండు కాంటాక్టర్లు. రెండు షట్టర్లను ఒకే స్విచ్చికి సమాంతరంగా కలిపితే ఒకదాని కెపాసిటరు లోంచి రెండోదానికి కరెంటు వెనక్కి పోయి, లిమిటు దగ్గర ఆగాల్సింది ఆగదు. ఆరు కాళ్లది తీసుకుని ఒక్కో వరసకి ఒక్కో మోటారు ఇవ్వాలి.

నీళ్ల మోటారు మాట వేరు. 1 హెచ్.పి. సింగిల్ ఫేజు మోటారు నడిచేటప్పుడే 6, 7 ఆంపియర్లు తీసుకుంటుంది, లేచేటప్పుడు దానికి ఐదారు రెట్లు. 15 అని రాసిన టాగిల్ మీద దాన్ని రోజూ వేసి తీస్తే కొన్నాళ్లకి కాంటాక్టు అతుక్కుంటుంది, లివరు మధ్యలో ఉన్నా మోటారు ఆగదు. రెండు బోర్లలో ఏదో ఒకటి నడవాలంటే టాగిల్‌తో రెండు కాంటాక్టర్ల కాయిళ్లను ఎంచుకోండి.

జనరేటరు ఛేంజోవరుగా ఎందుకు వద్దు

ఆరు కాళ్ల స్విచ్చి చూడగానే, మధ్య కాళ్లకి ఇల్లు, పైన కరెంటు, కింద జనరేటరు అని తోచడం సహజం. కాగితం మీద సరిగ్గానే ఉంటుంది. కానీ జనరేటరు, లైను ఒకే తాళంలో తిరగవు. ఒకటి ప్లస్సు శిఖరంలో ఉన్నప్పుడు రెండోది మైనస్సు శిఖరంలో ఉండొచ్చు. అప్పుడు స్విచ్చి పై కాలికీ కింది కాలికీ మధ్య 460 వోల్టులు, శిఖరం దగ్గర 650. ఇది 250 వోల్టుల స్విచ్చి. లోడు మీద విసురుగా వేస్తే ఒకవైపు రవ్వ ఆరకముందే పలక రెండోవైపు ఆనుతుంది, రెండు సప్లయిలూ కలిసిపోతాయి.

ఇంతకన్నా పెద్ద భయం లైన్‌మాన్‌ది. తుపాను తర్వాత కోనసీమలో స్తంభాలు లేపే రోజుల్లో ఇళ్లల్లో జనరేటర్లు నడుస్తుంటాయి. మన 230 వోల్టులు వెనక్కి లైనులోకి పోతే ట్రాన్స్‌ఫార్మరు దాన్ని తిప్పి 11,000 వోల్టుల వైపుకి ఎక్కిస్తుంది. ఆఫ్ చేశామన్న నమ్మకంతో తీగ పట్టుకున్న మనిషి ఉంటాడు అక్కడ. 32 లేదా 63 ఆంపియర్ల అసలైన ఛేంజోవరు స్విచ్చి కొనండి, ఐ.ఎస్./ఐ.ఈ.సి. 60947-3 గుర్తు ఉన్నది. సింగిల్ ఫేజుకి రెండు పోళ్లు, త్రీ ఫేజుకి నాలుగు. న్యూట్రల్ కూడా మారాలి. న్యూట్రల్ ఉమ్మడిగా వదిలేస్తే వెనక్కి పోయే దారి మిగులుతుంది, కరెంటు లీకయితే తెంచే ఆర్.సి.సి.బి. ఉన్న ఇంట్లో అది ఊరికే ట్రిప్పవుతుంటుంది కూడా.

చిన్న పనుల్లో మెచ్చుకోదగ్గది ఒకటి: టంకం వేసే ఐరన్‌కి పూర్తి, ఆఫ్, సగం. ఫేజు కామన్‌కి, ఒక కాలు నేరుగా, ఇంకో కాలు 1ఎన్ 4007 డయోడు మీదుగా, రెండూ కలిసి ఐరన్‌కి. డయోడు సగం తరంగాన్నే పోనిస్తుంది కాబట్టి 25 వాట్లది పన్నెండున్నర వాట్ల మీద వేచి ఉంటుంది, బిట్టు కాలిపోదు. దీనికి చిన్న రకం హాయిగా సరిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు ఉన్న స్టేషన్లకి మాత్రం ఈ పద్ధతి పెట్టకూడదు, ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది.

ఉప్పుగాలిలో ఏం పోతుంది, ఎందుకు పోతుంది

కాంటాక్టుల మీద ఉండేది వెండి. చెరువు బురద నుంచి కుళ్లు వాసన వచ్చే వాయువులో గంధకం ఉంటుంది, అది వెండిని నల్లబరుస్తుంది. ఆంపియర్లలో కరెంటు పోయే చోట ప్రతిసారీ చిన్న రవ్వకి ఆ పొర కాలిపోతుంటుంది, స్విచ్చి తనను తాను శుభ్రం చేసుకుంటుంది. సెన్సరు లైనుల్లో, 5 వోల్టుల మీద మిల్లీ ఆంపియర్లు పోయే చోట ఆ రవ్వ ఉండదు. అందుకే అక్కడ 15 ఆంపియర్ల పెద్ద స్విచ్చి పెడితే కొన్నాళ్లకి ఒకసారి కలిసి ఒకసారి కలవకుండా విసిగిస్తుంది. ఆ పనికి బంగారు పూత కాంటాక్టులున్న చిన్న రకమే కావాలి. పెద్దదైతే అన్నిటికీ పనికొస్తుందనుకోవడం ఇక్కడ చెల్లదు.

నీళ్లు లోపలికి దిగేది లివరు మెడ దగ్గర. రబ్బరు బూటు తొడగాలి, 6 మి.మీ.కి వేరు, 12 మి.మీ.కి వేరు. బూటు మెడ నట్టు లాగానే మరలతో బిగుస్తుంది. ఎండకి రబ్బరు పగిలితే మార్చేయాలి, పగిలిన బూటు నీళ్లను లోపలే పట్టి ఉంచుతుంది, లేనిదానికంటే చేటు. పెట్టెకి వైర్లను పైనుంచి కాకుండా అడుగు నుంచి గ్లాండు మీదుగా తేవాలి.

బిగించేటప్పుడు నాలుక ఉన్న వాషరును పారేయకండి. దాని నాలుక ప్యానెల్లో చిన్న రంధ్రంలో కూర్చుంటుంది. అది లేకపోతే నట్టు వదులైన రోజు స్విచ్చి మొత్తం చుట్టూ తిరిగి వెనక వైర్లను మెలిపెట్టి తెంపుతుంది. వెనక నట్టుతో ఎత్తు సరిచేసి, ముందు నట్టుతో బిగించాలి.

వైరు 10 ఆంపియర్ల దాకా ఒకటిన్నర స్క్వేరు రాగిది, దాటితే రెండున్నర. స్క్రూ కింద వట్టి పోగులు చుట్టొద్దు, ఫోర్కు లగ్గు క్రింపు చేసి పెట్టండి. టంకం వేసేట్టయితే 350 డిగ్రీల దగ్గర మూడు సెకన్లలో అయిపోవాలి. ఎక్కువసేపు ఆనిస్తే కాలు పట్టుకున్న ప్లాస్టిక్కు మెత్తబడి కాలు వంగుతుంది, లోపల పలక దానికి ఆనదు. స్విచ్చిని కాళ్లు కిందకి ఉండేలా పట్టుకుని అతకాలి. కాళ్లు పైకి పెడితే ఫ్లక్సు కరిగి లోపలికి జారి, కాంటాక్టు మీద ఆరిపోతుంది. కొత్త స్విచ్చి మొదటి రోజే పనిచేయలేదంటే ఎక్కువసార్లు కారణం ఇదే. ప్రతి కాలుకీ హీట్ ష్రింకు స్లీవు తొడగండి, ఆరు కాళ్ల చిన్న రకంలో కాళ్ల మధ్య దూరం 5 మి.మీ. కూడా ఉండదు.

పాతది మార్చేటప్పుడు వైర్లు విప్పకముందే ఫోనుతో రెండువైపుల నుంచీ ఫొటో తీసి, ఒక్కో వైరుకీ నంబరు టేపు చుట్టండి. కొత్తది కూడా అదే రకమా అన్నది మీటరుతో మూడు స్థానాల్లోనూ చూసి, ఆ తర్వాతే ఒక్కో వైరు మార్చండి. ప్యానెల్ మీద పేర్లు రాసేది అన్నిటికన్నా చివర, మోటారు ఏ దిక్కుకి తిరిగిందో, ఏ దీపం వెలిగిందో కళ్లారా చూశాక.